అత్త పొయ్యికి ఫ్లవర్ బ్రాకెట్లు

నాకు లెక్కలంటే భయం లేదు, కోపం. భయమైతే మూలకు కూర్చుని ఏడ్చి ఊరుకునేదాన్ని. కోపం గనక సారుతో కొట్లాటకు దిగేదాన్ని. డెబ్బైల మొదట్లో, బోధన్ బడిలో నేను తొమ్మిదో తరగతి చదువుతుండగా లెక్కల పుస్తకం మారింది. వడ్డీలు, వాటాలు, తొట్టి నింపే గొట్టాలు వెనక్కి పోయి, మొదటి పాఠంగా సమితులు వచ్చి కూర్చున్నాయి. కొత్త లెక్కలట. కూడే పని లేదు, తీసేసే పని లేదు, ఏది దేంట్లో ఉందో చెప్తే చాలట. ఇంతకన్నా సులువు ఏముంటుందనుకున్నాను. సరిగ్గా అక్కడే అది నా పని పట్టింది.

సమితి అంటే కొన్ని వస్తువుల గుంపు. వాటిని ఫ్లవర్ బ్రాకెట్లలో పెట్టి రాస్తారు. లోపల ఉన్న ఒక్కో వస్తువు మూలకం. ఆ వస్తువుల్లోంచి కొన్నింటిని తీసి వేరే బ్రాకెట్లలో పెడితే అది ఉపసమితి. మూలకానికో గుర్తు, ఉపసమితికో గుర్తు. రెండూ ఎద్దు లాడాన్ని పక్కకు పడేసినట్టుంటాయి. ఒకదానికి మధ్యలో గీత ఉంటుంది, ఇంకోదానికి ఉండదు. ఆ ఒక్క గీత నన్ను ఎంత సతాయించిందో చెప్పలేను.

మా లెక్కల సారు బోధన్ పాతూరి సాయబుల ఇంటివారు. ఎండాకాలం సెలవుల్లో ట్రైనింగుకు పోయి ఈ కొత్త లెక్కలు నేర్చుకొని వచ్చారు. బోర్డు మీద ఫ్లవర్ బ్రాకెట్లు వేసి లోపల ఒకటి, రెండు, మూడు అని రాసి అడిగారు, "రెండు ఈ సమితికి చెందుతదా?" చెందుతుందన్నాం అందరం. "బ్రాకెట్ల రెండు? గది చెందుతదా?" మిగతా వాళ్లు నోరు మూసుకున్నారు. నేను లేచి చెందుతుందన్నాను. సారు తల అడ్డంగా ఊపి, "గది ఉపసమితి, మూలకం కాదు" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. లోపల ఉన్నది ఆ రెండే కదా. దానికి బ్రాకెట్ తొడిగితే మారిపోతుందా? చలికాలం శాలువా కప్పుకుంటే నేను ఇంకో పిల్లనవుతానా? ఈ మాటే సారుతో అన్నాను. క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వి, "శాలువ కాదు బిడ్డా, బాగ సోంచాయించు, రేపు చెప్పు" అన్నారు. నేను ఊరు వచ్చేదాకా దారంతా సోంచాయించాను. ఎంత ఆలోచించినా నాదే రైటు అనిపించింది.

మా ఊరు ఎడపల్లి పక్కన. చెరుకు క్రషింగు నడిచే రోజుల్లో ఇంటికి రావడానికి నేను బస్సు కోసం చూసేదాన్ని కాదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు దించి ఖాళీగా తిరిగి వచ్చే మా ఊరి బండి ఏదో ఒకటి దొరికేది. ఎక్కి వెనక కాళ్లు వేలాడేసి, దొరికిన చెరుకు ముక్క నములుకుంటూ వచ్చేదాన్ని. ఊరు దగ్గరపడేదాకా ఫ్యాక్టరీ చెరుకు మడ్డి వాసన వెంట వచ్చేది. ఆ రోజుల్లో నా గౌన్లకూ లంగాలకూ కూడా అదే వాసన.

ఇంట్లో ఆ ఏడు ఇంకో గొడవ నడుస్తోంది. అది మా మేనత్తది.

అత్త మా బాపుకు చెల్లెలు. పెళ్లయిన కొన్నేళ్లకే మొగుడు ఇంకో ఆమెను తెచ్చుకుంటే, బట్టల మూట నెత్తిన పెట్టుకొని తిరిగి వచ్చేసింది. పిల్లల్లేరు. అప్పటినుంచి మా ఇంట్లోనే. బాపు ఆమెను ఒక్కమాట అనలేదు, ఒక్కపూట తక్కువ చేయలేదు. అత్త చెరుకు కోతలకు పోయి మోపులు కట్టేది. ఆమె కట్టిన మోపు బోధన్ దాకా పోయినా వదులయ్యేది కాదని బండ్లవాళ్లు చెప్పుకునేవాళ్లు. ఆ ఏడు వానలు వెనకపట్టాక, మా వాకిట్లో గొడ్ల కొట్టం పక్కన ఖాళీగా ఉన్న అర్రను తానే ఎర్రమట్టితో అలికి, మూలకు పొయ్యి వేసుకుంది. "ఇగ నా బువ్వ నేను వండుకుంట" అన్నది. కోపం లేదు, కొట్లాట లేదు. మా అవ్వ (మా దిక్కు అమ్మను అవ్వ అనే అంటాం) చాటెడు బియ్యం, తన కుండల్లో ఒకటి తీసి ఇచ్చింది. బాపు మాత్రం ఆ రోజు అన్నం ముట్టలేదు.

అత్తకు పొయ్యి ఎందుకు కావాల్సి వచ్చిందో తెలియాలంటే మా ఊరి పిలుపుల సంగతి తెలియాలి. మా ఊళ్లో పెళ్లికైనా దావతుకైనా రెండు రకాల పిలుపులు. ఒకటి 'ఇంటికొక్కరు'. ఇంటి నుంచి ఒక్క మనిషి వస్తే చాలు, ఆ ఇల్లు వచ్చినట్టే. ఇంకోటి 'పొయ్యి బందు'. ఆ పూట మీ పొయ్యి వెలగకూడదు, ఇంటిల్లిపాదీ మా దగ్గరే తినాలని. బోధన్ సాయబులు దాన్నే చూల్హా బంద్ అంటారు. రెంటిలో ఏ పిలుపైనా పిలిచే వాళ్లు గడప దాకా వచ్చి, ఆ ఇంటి ఆడమనిషికి బొట్టు పెట్టి చెప్పాలి. దారిలో కలిసినప్పుడు చెప్తే అది పిలుపు కాదు. ఇక ఇల్లంటే ఏంటి? గోడలు కావు, పొయ్యి. ఒకే కప్పు కింద అన్నదమ్ములు వేరే పొయ్యిలు పెట్టుకుంటే అవి రెండిళ్లు. ఎంతమంది ఉన్నా పొయ్యి ఒక్కటైతే ఒక్క ఇల్లు.

అత్త మా ఇంట్లో ఉన్నన్నేళ్లూ పిలుపు మా అవ్వ నొసటికి వచ్చేది, బాపు పోయేవాడు. అత్తను ఎవరూ కాదనలేదు, ఎవరూ పిలవనూ లేదు. ఊళ్లో ఏ 'ఇంటికొక్కరు' బంతిలోనూ ఆమె ముందు విస్తరి పడలేదు. ఆమె నాతో ఒకసారి చెరుకు తోటలో అన్నది, "నేను ఊర్ల ఉన్ననో లేనో ఊరికి ఎర్కలేదు బిడ్డా. నా గడప తొక్కి ఒక్కలన్న పిలువాలె." మాఘంలో ఊరి పెద్దమనిషి ఇంట్లో బిడ్డ పెళ్లి ఉంది. ఆ పెళ్లి పిలుపు తన గడపకు రావాలి. అదీ ఆమె కోరిక. మొత్తం ఊరు కూర్చునే బంతి అది, అందులో తప్పితే ఇక ఎప్పటికీ తప్పినట్టే.

బాపు ఒప్పుకోలేదు. "నా చెల్లెకు వేరే పిలుపేంది? నేను ఎల్లగొట్టిన్నని అంటరు ఊరోళ్లు. పెద్దమనిషి అడిగితే ఒక్క ఇల్లే అని చెప్త" అన్నాడు. పాపం, ఆయన మాటలో ప్రేమ ఉంది. నాకు అదే అర్థంకాలేదు. అంత ప్రేమ ఉన్నవాడు ఆమె అడిగిన ఆ ఒక్కటీ ఎందుకివ్వడు? నేను అత్త పక్షం. కానీ బాపుకు ఎదురుచెప్పడానికి నా దగ్గర మాట లేదు. అత్త ఎక్కడుంది? మా ఇంట్లో. మా ఇల్లు ఎక్కడుంది? ఊళ్లో. మరి అత్త ఊళ్లో ఉన్నట్టే కదా, ఇంకా ఏం కావాలంటాడు బాపు. నేను పళ్లు కొరుక్కునేదాన్ని.

శాలువా మాట అన్న మర్నాడు లెక్కల క్లాసులో సారు నన్నే లేపారు. నేను రాత్రి సిద్ధం చేసుకున్న బాణం వదిలాను.

"సార్, మా ఊర్ల దావత్ అయితే మా బాపు ఒక్కడు పోతడు. బాపు పోతే మా ఇల్లు పోయినట్టే. అంటే మనిషి, ఇల్లు ఒక్కటే. గట్లనే రెండు, బ్రాకెట్ల రెండు ఒక్కటే."

సారు సుద్దముక్క కింద పెట్టేశారు. కోప్పడతారనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని, చాలా ఇష్టమైన కబురు విన్నట్టు నా వైపు చూశారు.

"సరే. మీ బాపు పోయిండు. ఆయన ఎంబడి మీ తమ్ముడు గూడ పోయి ఇంకో ఇస్తరి ముందట కూసుంటే?"

"కూసోనియ్యరు సార్. ఇంటికొక్కరు కద."

"ఎందుకు కూసోనియ్యరు? మీ తమ్ముడు ఊరోడు కాదా?"

"ఊరోడే సార్. గని ఆళ్లు పిలిచింది మనుషులను కాదు, ఇండ్లను."

ఆ మాట నా నోట్లోంచి వచ్చింది, నేనే ఆగిపోయాను. సారు, "మళ్ల చెప్పు" అన్నారు. మళ్లీ చెప్పాను. ఈసారి మెల్లగా.

"మరి పిలుపుల సమితిల మూలకాలు ఏంటియి?"

"ఇండ్లు సార్."

"మీ తమ్ముడు దాంట్ల మూలకమా?"

"కాదు సార్. వాడు మా ఇంటికి మూలకం. మా ఇల్లు పిలుపులకు మూలకం."

"శాబాష్. ఇప్పుడు ఒక్కటి అడుగుత. ఒక్కతే ఉండే ఆడామె ఉన్నదనుకో. ఆమె, ఆమె ఇల్లు ఒక్కటేనా?"

ఆయనకు మా అత్త సంగతి తెలియదు. మామూలుగా అడిగారు, ఏకమూలక సమితి గురించి. నా కళ్ల ముందు మాత్రం ఎర్రమట్టి అలికిన అర్ర, మూలన పొయ్యి, దాని ముందు ఊదుగొట్టం పట్టుకున్న అత్త. అత్త మనిషిగా అన్నేళ్లూ మా వాకిట్లోనే ఉంది. మనిషిని ఎవరూ పిలవలేదు. పిలవాలంటే ఆమె చుట్టూ ఏదో ఉండాలి.

"కాదు సార్, ఒక్కటి కాదు" అన్నాను. "ఆమెకు పొయ్యి ఉండాలె. పొయ్యి ఉంటేనే ఇల్లు. పొయ్యే బ్రాకెట్ సార్."

క్లాసు పగలబడి నవ్వింది. సారు నవ్వలేదు. లేచి బోర్డు దగ్గరికి పోయి, ఒకటి, రెండు, మూడు ఉన్న పాత సమితిని చూపించారు. ఇప్పుడు నాకు అది పలక మీద రాసినంత స్పష్టంగా కనిపించింది. అక్కడ ఉన్నవి మనుషుల్లాంటి అంకెలు. బ్రాకెట్లో రెండు అంటే ఒంటరి ఇల్లు. మనుషుల వరసలో ఇల్లు ఎట్లా కూర్చుంటుంది? ఆ వరసలోంచి ఒక మనిషిని తీసి కట్టిన చిన్న ఇల్లు అది, అందుకే ఉపసమితి. బ్రాకెట్ శాలువా కాదు. అది తొడిగితే వస్తువే మారిపోతుంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. బెంచీ మీద కూర్చున్నానే గానీ కాళ్లు నేల మీద నిలవలేదు. ఇన్నాళ్లూ లెక్కలు నన్ను సతాయించాయనుకున్నాను గానీ, అవి మా ఇంటి సంగతే మాట్లాడుతున్నాయి.

ఆ సాయంత్రం ఖాళీ బండి మీద నేను చెరుకు నమలలేదు. దారి పొడుగునా నాలో నేను బ్రాకెట్లు వేసుకుంటూనే వచ్చాను. పొగ లేచే ప్రతి కప్పూ ఒక బ్రాకెట్. బండి నడిపే అన్న, "ఏందే, పిచ్చి లేసిందా, ఒక్కదానివే నవ్వుతున్నవ్" అన్నాడు. లేసింది, నిజమే.

బండి దిగి సంచి కూడా పెట్టకుండా బాపు దగ్గరికి పోయాను. ఆయన కొట్టం ముందు ఎడ్లకు దాణా కలుపుతున్నాడు. అత్త తన అర్ర ముందు బియ్యం ఏరుతోంది. పొయ్యిలోంచి ఆరిన బొగ్గు ముక్క తెచ్చి, అత్త కొత్తగా అలికిన నేల మీదే పెద్ద ఫ్లవర్ బ్రాకెట్లు గీశాను. "నా అలుకు కరాబ్ జేత్తున్నవ్ పిల్లా" అన్నది అత్త, లేవలేదు గానీ.

"బాపు, ఇటు రా. గిది ఊరు. ఊర్ల ఉన్నయి ఇండ్లు, మనుషులు కాదు. మన ఇల్లు ఒక బ్రాకెట్. దాంట్ల అత్తను పెడితే అత్త మన ఇంట్ల మూలకం అయితది. గంతే. ఊర్ల అత్త లెక్కకే రాదు. మన ఇల్లు ఒక్కటే కనవడ్తది."

బాపు చేతులు దులుపుకొని వచ్చి గొంతుక్కూర్చున్నాడు. నేను అత్తను మా బ్రాకెట్లోంచి చెరిపి, పక్కన చిన్న బ్రాకెట్లు వేసి ఒక్కదాన్నే లోపల పెట్టాను. అత్త అంటే ఒక చిన్న చుక్క. "ఇప్పుడు ఇది గూడ ఊర్ల ఒక ఇల్లు. ఇప్పుడు పిలుస్తరు."

నేను గెలిచాననుకున్నాను. బాపు ఆ చెరిపిన చోటునే చూస్తున్నాడు.

"మన దాంట్లకెల్లి తుడిపేసినవ్ కద బిడ్డా" అన్నాడు. "గదే నేను అంటున్న. ఊర్ల ఒక ఇల్లయితే నాకు కాకుండ పోయె. నా చెల్లె నాకు కాకుండ ఎట్ల పోతది?"

అత్త చేతిలోని చాట ఆగిపోయింది. ఆయనది కోపం కాదు, భయం. ఇంతకాలం పెద్దమనిషి మాటకు, ఊరి మాటకు జడుస్తున్నాడనుకున్నాను. ఆయన జడిసింది చెల్లెలు పోతుందని. నాకు ఏడుపొచ్చింది. కానీ ఏడుస్తూనే నా చూపు నేల మీద ఆ గీతల వెంట తిరుగుతోంది, ఏదో ఉంది అక్కడ, ఇంకా ఏదో ఉంది. ఊరు ఒక్కటేనా సమితి? ఇంకోటి వేసుకోవద్దని ఎవరన్నారు?

ఊరికి దూరంగా, అర్ర గడప దగ్గర ఇంకో పెద్ద బ్రాకెట్లు గీశాను. "ఇది మన మనుషులు బాపు. ఇండ్లు కాదు, మనుషులు. నువ్వు, అవ్వ, తమ్ముడు, నేను, అత్త." అయిదు చుక్కలు పెట్టాను. "దీంట్లకెల్లి అత్తను ఎవ్వలు తుడుపుతరు? పెద్దమనిషి వచ్చినా తుడుపలేడు. ఇప్పుడు అత్త ఒక్కతే ఉన్న ఆ చిన్న బ్రాకెట్ జూడు. గది మన మనుషులకు ఉపసమితి. గదే బ్రాకెట్ ఊరికి మూలకం. అక్కడ ఇల్లు అయినంత మాత్రాన ఇక్కడ పోదు. రెండూ ఒక్కసారే నిజం బాపు."

"బడిల గట్ల చెప్పిండ్రా?"

"చెప్పిండ్రు" అన్నాను ధీమాగా. సారు అది చెప్పలేదు. అప్పుడే నా నోటికి వచ్చింది.

బాపు లేచి, ఎడ్ల దగ్గరికి మళ్లాడు. పోయేటప్పుడు ఆ గీతలు తొక్కకుండా గోడ వెంబడి పక్క నుంచి పోయాడు. అత్త ఆ రాత్రి అలుకు మళ్లీ వేయలేదు.

మర్నాడు బడి గేటు దగ్గరే సారు సైకిల్ ఆపాను. "సార్, ఒక్కటే సమితి ఒకదానికి ఉపసమితి, ఇంకోదానికి మూలకం కావచ్చా?" అని ఊపిరి తీసుకోకుండా అడిగాను. సారు సైకిల్ దిగి, "బరాబర్ కావచ్చు. పుస్తకంల గీ మాట లేదు, నీకెవరు చెప్పిండ్రు?" అన్నారు. "నాకే తట్టింది సార్" అన్నాను. ఆ క్షణాన నాకున్న గర్వం ఎంతంటే, బోధన్ ఫ్యాక్టరీ చిమ్నీ నాకన్నా పొట్టిగా కనిపించింది. సారు నన్ను బోర్డు దగ్గరికి పిలిచి ఆ పాఠం నాతోనే చెప్పించారు. పిలుపులు, పొయ్యిలు అన్నీ చెప్పాను. ఈసారి నవ్విన వాళ్లు కూడా అర్థమై నవ్వారు.

పెళ్లి పిలుపులు ఒక ఆదివారం పొద్దున మొదలయ్యాయి. పెద్దమనిషి పెద్దకోడలు కుంకుమ భరిణె పట్టుకొని, ఇంకో ఆమెను వెంటేసుకొని వాడ వాడ తిరుగుతోంది. మా వాకిట్లోకి రాగానే నేను తలుపు దగ్గరికి ఉరికాను. బాపు అరుగు మీద కొడవలి నూరుతున్నాడు. అవ్వకు బొట్టు పెట్టి, "ఇంటికొక్కరు రావాలె" అని చెప్పి, ఆమె అత్త అర్ర వైపు చూసింది. అత్త పొయ్యి మీంచి పొగ లేస్తోంది. అత్త గుమ్మంలో నిలబడి ఉంది, కొంగు భుజాల చుట్టూ కప్పుకొని. అంతకు ముందు ఏ పిలుపప్పుడూ ఆమె అట్లా బయట నిలబడలేదు.

"అన్నా, మా మామ అడుగుమన్నడు" అన్నదా కోడలు బాపుతో. "ఇది ఒక్క ఇల్లా, రెండిండ్లా?"

బాపు కొడవలి మీద వేలితో పదును చూసుకున్నాడు. నేను తలుపు చెక్కను పట్టుకొని ఉన్నాను. ఒక్క ఇల్లంటాడనే అనుకున్నాను.

"రెండు" అన్నాడు బాపు. కోడలు తిరగబోతుంటే మళ్లీ అన్నాడు, "ఇండ్లు రెండు. మనుషులం ఒక్కటే. మీ మామకు రెండు మాటలూ చెప్పు."

ఆమె వాకిలి దాటి అర్ర గడప దగ్గరికి పోయి అత్తకు బొట్టు పెట్టింది. అత్త తల ఊపింది. వాళ్లు పోయాక లోపలికి పోయి తలుపు దగ్గరేసుకుంది. నేను పోదామంటే అవ్వ నా రెక్క పట్టుకొని ఆపింది.

పెళ్లికి అత్త తన ఎర్రంచు చీర కట్టుకొని, తన ఇంటి తరఫున తానే పోయింది. మా ఇంటి తరఫున ఈసారి బాపు పోకుండా అవ్వను పంపాడు, ఇద్దరూ పక్కపక్కన కూర్చోవచ్చని. తిరిగి వచ్చాక ఏం పెట్టారని నేను అడిగితే అత్త కూరల సంగతి చెప్పలేదు. "ఎవలింటోల్లని అడిగిండ్రు. మా ఇంటోల్లం అన్న" అని మాత్రం చెప్పి, ఎంతసేపో నవ్వుకుంది.

నేను కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. వారం తిరగకముందే ఒక పొద్దున అత్త తలస్నానం చేసి, చేతిలో కుంకుమ భరిణెతో మా గడప ముందు నిలబడింది. రోజూ నీళ్లకూ నిప్పుకూ వచ్చే మనిషి, ఆ రోజు లోపలికి రాలేదు. అవ్వను పిలిచి నొసట బొట్టు పెట్టింది. బాపు వైపు తిరిగి, "రేపు మీ పొయ్యి బందు. అందరు రావాలె" అన్నది.

బాపుకు నవ్వొచ్చింది. "కొట్టం పక్కకెల్లి వచ్చి పిలుపేందే? అరిస్తే వినవడ్తది కద."

"మనిషయితే అరుస్తది" అన్నది అత్త. "ఇల్లు గడపకొచ్చి పిలుస్తది."

మర్నాడు అవ్వ పొయ్యిలో నిప్పు లేకుండా బూడిదంతా ఎత్తిపోసింది. తమ్ముడికి ఉతికిన అంగీ తొడిగింది. బాపు పెళ్లిళ్లకు కట్టే తెల్ల రుమాలు తలకు చుట్టుకున్నాడు. మా వాకిట్లోనే నడిచి మా వాకిట్లోనే ఉన్న అర్రకు చుట్టాలమై పోయాం. గడప దగ్గర అత్త చెంబుతో నీళ్లు పట్టుకొని నిలబడి ఉంది, చుట్టానికి ఇచ్చినట్టు కాళ్లకు నీళ్లివ్వడానికి. ఆ చెంబు మాదే, నాకు తెలుసు, దాని మూతికి సొట్ట ఉంటుంది.

బాపు చెంబు అందుకున్నాడు గానీ కాళ్లు కడుక్కోలేదు. అట్లాగే నిలబడ్డాడు. అన్నలందరూ పండుగకో పబ్బానికో ముంతలో సద్ది కట్టించుకొని చెల్లెళ్ల ఇళ్లకు పోతుంటే ఈయన ఎన్నేళ్లు అరుగు మీద కూర్చుని చూశాడో అప్పటిదాకా నేను ఎన్నడూ ఆలోచించలేదు.

"గిన్నేండ్లు నాకు చెల్లె ఉన్నది" అన్నాడు. "పోదామంటె చెల్లె ఇల్లు లేకుండె."

అత్త ఆయన చేతిలోంచి చెంబు తీసుకొని తానే ఆయన కాళ్ల మీద నీళ్లు పోసింది. "లోపలికి రా అన్నా" అన్నది. "బువ్వ సల్లారుతది."